మెడపట్టీ

టైం చూడకూడదనుకుంటూనే ఆరోగ్యమ్మ మళ్లీ ఫోను తీసింది. నాలుగుంబావు. సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు. కొత్తగూడెం దాటి చండ్రుగొండ ఇంకా రాకముందే, అటూ ఇటూ టేకుచెట్లు తప్ప నరమానవుడు లేని చోట, జామాయిల్ దుంగల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా పడింది. దాని వెనక మూడు బస్సులు, లెక్కలేనన్ని బండ్లు, మూడో బస్సులో కిటికీ పక్కన ఆరోగ్యమ్మ. ఇక్కడికి గంట దారిలో, పెనుబల్లి దగ్గర ఊళ్లో, ఆమె అన్న జకర్యా చచ్చిపోయి ఉన్నాడు. పొద్దున పదకొండింటికి పోయాడు. ఈపాటికి స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టి ఉంటారు. దాని మీద ఆమె కుట్టిన ప్రార్థన శాలువా కప్పుతారు. ఈ రోజు శుక్రవారం, పొద్దు వాలితే అన్న చేరిన యూదు మతంలో సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, దాని దీపాలు వెలిగించే వేళకి ముందే భూస్థాపన అయిపోవాలి, దేశం మొత్తం వస్తానన్నా వాళ్లు ఆగరు. ఆ శాలువా ఉన్నిది. దాని మెడపట్టీ లోపల ఆరోగ్యమ్మ స్వహస్తాలతో వేసిన అవిసె నారబట్ట ఉంది. ఉన్నీ నారా ఒకే బట్టలో కలవకూడదని వాళ్ల దేవుడి ఆజ్ఞ. అన్న మట్టిలోకి వెళ్లేలోపు ఆ నారబట్ట విప్పేయాలి. అయిదు నిమిషాల పని, కాగితంలో చుట్టిన కొత్త బ్లేడు చేతిసంచిలో ఉంది. ఆ అయిదు నిమిషాలకి ఆమె దగ్గర అన్నీ ఉన్నాయి, దారి తప్ప.

అయిదు ముప్పావుకి పొద్దు వాలుతుంది. అంటే గంటన్నర. ఇప్పుడు కదిలితే గంట. ఇప్పుడు కదలాలి. ఇదిగో, ఇప్పుడు. కదల్లేదు. కండక్టరు కిందికి దిగి బీడీ ముట్టించాడు, అంటే ఆశ వదులుకున్నాడన్నమాట, కండక్టరు బీడీ ముట్టించాక ఏ బస్సయినా కదిలిందా? క్రేను పాల్వంచ నుంచి రావాలట. ఎవరో చెప్పారు. అది దారిలో ఉందట, ఇది ఇంకెవరో చెప్పారు, దారిలో ఉందని చెప్పినవాళ్లెవరూ దాన్ని చూడలేదు. మధ్యాహ్నం సువర్ణ వదిన ఫోన్ చేసి ఏడ్చినప్పుడే చెప్పేసి ఉంటే అయిపోయేది. వదినా, పట్టీ లోపలి గుడ్డ విప్పు, ఏమీ అడక్కు అని ఒక్క మాట. నోరు రాలేదు. భర్త పోయి రెండు గంటలైనా కాని మనిషికి లైనింగు గురించి చెప్పడమా అనుకుంది, అది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం ఏమిటంటే సిగ్గు. తానే వెళ్లి, అన్న మొహం చూసినట్టే చూసి, శాలువా సర్దుతున్నట్టే సర్ది, గుట్టుగా నాలుగు కుట్లు తెంపి గుడ్డని కొంగులో దాచేసుకోవచ్చని లెక్క వేసుకుంది. పనితనం గల మనిషి, తప్పు ఎవరి కంటా పడకూడదు. ఇప్పుడు కూర్చో, నీ పనితనాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చో ఆరోగ్యమ్మా. కొత్తగూడెం బస్టాండులో ఇక తప్పదని వదినకి ఫోన్ చేస్తే రెండుసార్లూ ఎంగేజ్. మూడోసారి చెయ్యబోతుండగా బస్సు వచ్చింది, సీటు కోసం పరుగెత్తింది. సీటు దొరికింది.

పక్కసీటు ముసలమ్మ ఇందాకటి నుంచీ ఆమె చేతిసంచినే చూస్తోంది. తండా మనిషి, అద్దాల రవిక, మోచేతుల దాకా గాజులు, జమ్లి అని ఎక్కుతూనే తన పేరు తానే చెప్పుకుంది. సంచి మీద దారంతో కుట్టిన తీగని వేలితో రాసి చూసి, "నువ్వే కుట్టినవా బిడ్డా?" అంది.

"అవ్."

"మాకు గిట్ల సన్నం రాదు. ఏడిదాక పోవాలె?"

"పెనుబల్లి దిక్కు. మా అన్న సచ్చిపోయిండు."

జమ్లి సంచి మీది చెయ్యి తీసి ఆరోగ్యమ్మ చేతి మీద పెట్టి అలాగే ఉంచింది. ఆ చెయ్యి గరుకు. సూది పట్టిన చేతులు చూపుడు వేలి కొసన ఒకేలా కాయ కాస్తాయి, ఏ దేవుడి గుడ్డ కుట్టినా. ఆరోగ్యమ్మ వేలికి ఆ కాయ పదమూడేళ్లప్పుడు కాసింది. సత్తుపల్లిలో కన్యస్త్రీల మఠం, వెనక వరండా, గోడకి ఆనించిన ఫ్రేములు. బలిపీఠం మీద పరిచే గుడ్డకి కాడకుట్టు వేయిస్తూ పెద్ద సిస్టర్ చెప్పిన మాట: దేవుడి బల్లకి నారబట్టే వెయ్యాలి, నూలు కాదు, పట్టు కాదు, ప్రభువు దేహాన్ని చుట్టింది కూడా నారబట్టే. ఆ నారబట్ట ఎక్కడో దూరదేశం నుంచి పెట్టెలో వచ్చేది. చల్లగా ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం చెంపకి ఆనించుకుంటే చల్లగా ఉండేది, సిస్టర్ చూస్తే తిట్టేది. ఇరవై ఏళ్లు వాడిన బలిపీఠపు గుడ్డ ఒకటి అంచులు చీకిపోతే, మంచిగా ఉన్న నడిమి పీలికని మఠం వదిలే రోజు ఆమె చేతిలో పెట్టింది ఆ సిస్టరే. ఎన్ని పూజలు చూసిన గుడ్డో. దాన్ని పెళ్లిలో బయటికి తియ్యలేదు, బిడ్డ బాప్తిస్మానికి తియ్యలేదు, అమ్మ పోయినప్పుడు తీద్దామని తీసి మళ్లీ పెట్టేసింది. అంత దాచుకున్నది. దాచి దాచి తీసుకెళ్లి అన్న మెడకి చుట్టింది.

అమ్మ పోయినప్పుడు. ఆ రోజు తలుచుకోకూడదనుకుంటుంది, అదే వస్తుంది. అప్పటికి జకర్యా ఆదివారం పూజకి గుడికి రావడం మానేసి నాలుగేళ్లు. ఆరు కుటుంబాలు కలిసి శనివారం పాటిస్తూ, మేము తొలినాటి దారిలోకి వెళ్తున్నామని చెప్పి, పంది మాంసం మానేసి, దేవుడి మాటలు రాసి పెట్టిన చిన్న గొట్టం ఇంటి గుమ్మానికి కొట్టుకుని, కొడుకులకి ఎనిమిదో రోజున సున్తీ చేయించి, ఊళ్లో నవ్వినవాళ్లని నవ్వనిచ్చారు. నాన్న ఉంటే కొట్టేవాడు. అమ్మ కొట్టలేదు, వాడు ఏ పేరుతో పిలిచినా దేవుడు పలుకుతాడులే అంది. ఆ అమ్మ శవపేటిక గుడి లోపల ఉంటే అన్న గుడి బయట గేటు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు. విగ్రహాలున్న చోటికి రాకూడదట. ఎండలో, చెప్పుల్లేకుండా, చొక్కా జేబు దగ్గర చింపుకుని, పూజ అయ్యేదాకా అక్కడే. ఆరోగ్యమ్మ బయటికొచ్చి అందరి ముందూ అనేసింది. నువ్వు నాకు అన్నవే కాదు, అమ్మకి కొడుకువే కాదు అని. ఈ అన్నే చిన్నప్పుడు వాగు దాటి బడికి పోవాల్సి వస్తే ఆమెని భుజాల మీద ఎక్కించుకునేవాడు, ఆమె భయంతో మెడ గట్టిగా పట్టుకుంటే ఊపిరాడక ఖళ్లున దగ్గేవాడు, అయినా వదలమనేవాడు కాదు. ఆ రోజు కూడా అలాగే ఏమీ అనకుండా నిలబడ్డాడు. చొక్కా చింపుకోవడం వాళ్ల దుఃఖాచారమని ఆమెకి చాన్నాళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం, చింపుకోడానికి ఇవాళే దొరికిందా అనుకుంది.

ఇవాళ తనకి చింపుకోడానికి ఏముంది? కొంగుంది. బ్లేడుంది.

ఎవరో హారన్ కొట్టారు. అందరూ కొట్టారు. లారీ మాత్రం ఉన్నచోటే ఉంది. నాలుగు నలభై. ఆమె చేతిలోకి జపమాల ఎప్పుడొచ్చిందో తెలీదు, వేళ్లు పూసల్ని దాటేస్తున్నాయి. మరియమ్మ తల్లీ, కాసేపు ఆపు వాళ్లని. ఏమని ఆపమంటుంది? నిన్ను మొక్కని వాళ్ల భూస్థాపనని నా తప్పు కోసం ఆపమంటుందా? అయినా ఆ తల్లీ ఆ జాతి మనిషే కదా, బట్టలు కుట్టే ఉంటుంది, ఉన్నీ నారా సంగతి ఆమెకి తెలిసే ఉంటుంది. తెలిసినదానివి నాకు మూడేళ్ల కిందట ఒక్కసారి చెప్పకూడదా తల్లీ.

మూడేళ్ల కిందట అన్న భద్రాచలం వచ్చాడు. అమ్మ పోయాక మాటల్లేని మూడేళ్లు గడిచాక, ఆమె కుట్టుసెంటరు గుమ్మంలో, చంకలో పేపరు చుట్టిన మూట. లోపలికి రమ్మనేదాకా రాలేదు. మూటలో తెల్లటి ఉన్ని శాలువా, అంచున నల్లచారలు, నాలుగు మూలలా తానే ముడులు వేసుకున్న కుచ్చులు. తాలిత్ అంటారట దీన్ని, పొద్దున ప్రార్థనకి కప్పుకుంటారట. మెడ మీద పడే చోట ఒక పట్టీ కుట్టి పెట్టాలి, మావాళ్లలో ఎవరికీ చేతగాదు, నీకే వచ్చు అన్నాడు. క్షమించు అని అతను అనలేదు. ఆమె కూడా అనలేదు. టేపు ఇయ్యనా, కొలత తీస్కుంటవా అన్నాడు. అక్కర్లేదంది. రెండు జానల పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు నీలం గుడ్డ తీసుకుని, రెండు కొసల్లోనూ దానిమ్మలు, మధ్యలో అతను కాగితం మీద పెద్దవిగా గీసిచ్చిన హీబ్రూ అక్షరాలు. వాటిని కుడి నుంచి చదువుతారని తెలియక ఎడమ నుంచి మొదలుపెడితే, ఎటునుంచి కుట్టినా కుట్టు కుట్టేనే చెల్లె అని నవ్వాడు. ఆ నవ్వు కోసం రెండు నెలలు కుట్టింది. దానిమ్మ గింజలకి నిండుకుట్టు, తీగకి కాడకుట్టు, అక్షరాలకి బంగారు దారం. అంతా అయ్యాక పట్టీ వెనక్కి తిప్పితే ముడులూ దారాల కొసలూ. అవి మెడకి గుచ్చుకుంటాయి. లోపల మెత్తటి గుడ్డ ఏదైనా వెయ్యాలి. నూలు గుడ్డ వెయ్యొచ్చు, సెంటర్లో తాన్లకి తాన్లు ఉంది. కాని అది అన్న దేవుడి ముందు నిలబడేది. ఇంటికెళ్లి పెట్టె అడుగు నుంచి ఆ పీలిక తీసింది, కత్తెర పెట్టింది. మన దేవుడి బల్ల మీది గుడ్డ నీ దేవుడి ముందుకి, చూశావా అన్నా, అది నేను అడిగే క్షమాపణ, అనుకుంది. నోటితో అడగలేనిది లైనింగులో పెట్టి కుట్టేసింది.

ఇచ్చిన రోజు అతను పట్టీని చేత్తో నిమిరాడు, వెనక్కి తిప్పి చూశాడు, చాలాసేపు చూశాడు. ఏం గుడ్డనే ఇది అని అడిగాడు. బలిపీఠం గుడ్డ, సిస్టర్ ఇచ్చింది, నీకోసమని వేసిన అంది గొప్పగా. అతను తల ఊపి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, బాగుందే, శానా బాగుంది అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె పనితనానికే తిరిగాయనుకుంది. తర్వాత రెండుసార్లు వాళ్లింటికి వెళ్తే పాత నూలు శాలువాతోనే ఉన్నాడు, అదేంటన్నా అంటే కొత్తది పెద్దపండక్కి అన్నాడు. కప్పుకుని ఫోటో పంపమంటే, ప్రార్థన కాడ ఫోటోలేందే అన్నాడు. నిజమే, భక్తి గల మనిషి అనుకుని మురిసిపోయింది. రోజూ పొద్దున పొయ్యి ముట్టించేటప్పుడు, ఈపాటికి అన్న లేచి ఉంటాడు, పెద్దపండగకే కాదు రోజూ కప్పుకుంటూనే ఉంటాడు, నాతో అనడు గాని, ఈపాటికి ఆ పట్టీ మెడ మీద పడి ఉంటుంది అనుకునేది. మూడేళ్లు. ఒక్క పొద్దు తప్పలేదు. టీ పొంగేలోపు ఆ ఒక్క తలపు.

దాని మీద బండరాయి పడింది పదిరోజుల కిందట. అన్న మతంవాళ్లకే, ఎక్కడో పై దేశంలో ఉన్నవాళ్లకి, పట్నం ఏజెంటు ద్వారా సెంటరుకి పెద్ద ఆర్డరు వచ్చింది. సబ్బాతు రొట్టె మీద కప్పే గుడ్డలు ఇరవై, చుట్టగా చుట్టిన ధర్మశాస్త్ర గ్రంథానికి తొడిగే వెల్వెట్ తొడుగు ఒకటి, ప్రార్థన శాలువాలకి మెడపట్టీలు పన్నెండు. సెంటరు లీడరు సంగీత కళ్లజోడు సర్దుకుని కాగితం చదువుతోంది. దారాల రంగులు, అక్షరాల కొలతలు, చివర్లో ఒక గీత కింద: శాలువా ఉన్నిది కాబట్టి పట్టీలో గాని, లైనింగులో గాని, కుట్టే దారంలో గాని నార పోగు ఒక్కటీ ఉండకూడదు, ఉంటే ఆ బట్టని వాళ్లు ఒంటి మీద వేసుకోరు, అది దేవుడి ఆజ్ఞ. సంగీత తర్వాతి కాగితం తిప్పింది. ఆరోగ్యమ్మ చేతిలో సూది ఉన్నచోటే ఉండిపోయింది. ఆ మాట తను విన్నదే. బైబిల్లో పాత నిబంధన చదివే వేళల్లో గుడిలో కూర్చుని ఎన్నిసార్లు వినలేదు, ఆ పాత ఆజ్ఞలు మనవి కావులే అని అందరూ వదిలేసినవే. ఆమెవి కావు. అన్నవి. అన్న ఆ ఆజ్ఞల కోసమే గుడి వదిలాడు, అమ్మ శవం దగ్గరికి కూడా రాకుండా ఎండలో నిలబడ్డాడు. అలాంటి మనిషి చేత మూడేళ్లు, రోజూ పొద్దున్నే, ప్రార్థన పేరుతోనే తప్పు చేయించింది. ఆ సాయంత్రమే ఫోన్ చేస్తే దవాఖానాలో ఉన్నాడు, ముక్కుకి గొట్టం, మాట గాలిలాగా వస్తోంది. ఏమైందే చెల్లె అన్నాడు. ఏం లేదన్నా, ఊకెనే చేసిన అంది. తగ్గి ఇంటికొచ్చాక చెప్దాం. వచ్చే వారం వెళ్దాం. దానిమ్మలు ఇంకో రెండు కుట్టేసి వెళ్దాం. ఆమె పోలేదు, అన్న పోయాడు.

దేవుడికి ఈపాటికి కనిపించే ఉంటుంది. ఇంకో గంటలో అన్న ఆయన ముందుకి అదే మెడపట్టీతో వెళ్లి నిలబడతాడు. ఇదేంది జకర్యా అంటే ఏమంటాడు? మా చెల్లె తెలియక వేసిందంటాడా? అనడు. ఎప్పుడూ అనలేదు.

అయిదు దాటింది. కిటికీలోంచి కండక్టరు అందరికీ వినపడేట్టు అరిచాడు, "ఫోన్లు జేస్కునేటోళ్లు ఆ మోరీ మీదికెల్లి గుట్టెక్కుండ్రి, పైన ఒకటో రెండో గీతలొస్తయి." ఆ మాట గంట ముందు చెప్పి ఉంటే! ఆరోగ్యమ్మ లేచింది, జమ్లి కూడా లేచి, పా బిడ్డా అని రెక్క పట్టుకుంది. గుట్ట పెద్దదేమీ కాదు గాని రాళ్లు, ఎండుటాకులు, చెప్పు జారితే ముసలమ్మే ఆపింది. గంట దారి మిగిలి ఉండగా పొద్దు చెట్ల మీదికి దిగిపోయింది. ఇక చేరలేదు. సరే, చేరకపోతే పోనీ, సిగ్గు కూడా పోనీ, అందరి ముందూ చెప్పేస్తుంది, వాళ్లనే విప్పమంటుంది, ఎవరి చేతనైనా, ఎట్లా విప్పినా, చింపినా సరే. పైకి చేరాక ఒక గీత వచ్చింది. నొక్కింది. మోగింది.

"వదినా, నేను. ఆగుండ్రి, ఆ శాలువా కప్పకుండ్రి..."

"అయిపోయింది ఆరోగ్యం." సువర్ణ గొంతు ఏడ్చి ఏడ్చి ఆరిపోయి ఉంది. "ఇప్పుడే మట్టి పోసి ఇంటికొచ్చినం. దీపాలు ముట్టియ్యాలె గద. నీకు మస్తు సార్లు జేసినం, కలవలె. నీ శాలువానే కప్పినం. మాతోని ప్రార్థన జేపిచ్చే షాలేమ్‌రాజు పెద్దాయన ఒక మూల కుచ్చు కోసిండు, గట్ల కొయ్యాల్నంట, కోసి ఆయనే కప్పిండు."

ఆరోగ్యమ్మ ఫోను చెవికి అదిమి పట్టుకుంది. "వదినా, దాంట్ల నేను నారబట్ట వేసిన. లైనింగుకు. ఉన్నిల నార కలవొద్దంట, నాకు తెల్వలె, పదిరోజుల కింద తెల్సినా నోరు రాలె..."

సిగ్నల్ పోయిందేమోనని ఫోను చూసింది. గీత ఉంది.

"ఆయనకు తెల్సు," అంది సువర్ణ.

"ఏంది?"

"నువ్విచ్చిన నాడే తెల్సు. ఇంటికొచ్చి చెప్పిండు. నేను విప్పి నూలుగుడ్డ వేస్త అన్న. ముట్టకు అన్నడు. చెల్లె పానంలెక్క దాసుకున్న గుడ్డ, అది దీసి నాకు వెట్టింది, దానికి బ్లేడెట్ల వెడ్తం అన్నడు. ఒక్కనాడు గూడ కప్పుకోలె ఆరోగ్యం. మడత వెట్టి పెట్టెల దాసిండు. ఆ ఆజ్ఞ బతికున్నోళ్లకే, సచ్చినోళ్లకు ఏ ఆజ్ఞ లేదు, నేను పోయినంక కప్పుండ్రి అన్నడు. పెద్దాయన్ను అడిగితే అవ్, గట్లనే ఉన్నది అన్నడు."

ఒక్కనాడు కూడా. పొయ్యి ముట్టించిన ఆ పొద్దులన్నీ, టీ పొంగేలోపు తలుచుకున్న ఆ మెడ, ఏ రోజూ ఆ పట్టీ దాని మీద లేదు. తప్పు చేయించలేదు తను. ఏమీ చేయించలేదు. ఊపిరి పీల్చుకోవచ్చు. పీల్చుకోబోతే ఏడుపు వచ్చింది, అమ్మకి రాని ఏడుపు, గుడి గేటు దగ్గర రావలసిన ఏడుపు. మూడేళ్లు పెట్టెలో పెట్టుకుని, చెల్లి చేతి పని ఒంటి మీద వేసుకోడానికి చచ్చేదాకా ఆగాడు మనిషి. అడిగి ఉంటే? ఒక్కమాట అడిగి ఉంటే విప్పి మళ్లీ కుట్టేది కాదా, అయిదు నిమిషాల పని. అడగడు. ఊపిరాడకపోయినా మెడ మీది చేతులు తియ్యమనేవాడు కాదు. జమ్లి ఏమీ అర్థం కాకపోయినా కొంగుతో ఆమె మొహం తుడుస్తోంది. కింద ఎవరో కేక వేశారు, క్రేను వచ్చిందట. బండ్లు ఒక్కొక్కటే స్టార్టవుతున్నాయి.

"ఆరోగ్యం? ఉన్నవా? దీపాలకు టైమైతంది, ఫోన్ వెట్టేయాలె నేను."

"వదినా, ఒక్కమాట. మెడకాడ మంచిగ కూసుందా? ముడత గిట్ల పడలె గద?"

"లేదు. కొలత తీసి కుట్టినట్టే కూసుంది."

ఆరోగ్యమ్మ కొలత తీసుకోలేదు. వాగు దాటినన్నాళ్లూ పట్టుకున్న మెడే అది.